కోడిజాతి మెఱుగు ఎవరికొఱకు?

నదీజలముల వివాదములు, పంటధరలు, పన్నులు మున్నగు పెద్ద విషయములుండగా కోడిని గూర్చి సంపాదకీయమేల యని పాఠకులలో కొందఱు నవ్వుకొనవచ్చును. పల్నాటి వీరచరిత్రమున నొక కోడిపోరు రాజ్యమునే తలక్రిందు గావించినదన్న మాట తెలుగువారెల్లరు నెఱిగినదే. నేడు కోడిని గూర్చిన పోరు బరిలో లేదు, ప్రయోగశాలలో నున్నది. కత్తి పుంజు కాలికి గట్టబడుట లేదు; కోడి పుట్టుకకే మూలమగు జన్యువుపై నాడుచున్నది. ఈ పోరులో గెలుపెవరిదో, ఓటమి యెవరిదో తేలిపోవుటకు ముందే తెలుగు ప్రజ దీనిని గూర్చి యాలోచించుట మంచిది.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుదుము. కోళ్ల జన్యువులను సవరించు నూతన విద్యను మేము నిరాకరించువారము కాము. రోగమును తట్టుకొను కోడి, ఎండకు నిలుచు కోడి పుట్టునేని అంతకంటె సంతోషకరమైన వార్త యేమున్నది? కాని ‘మెఱుగు’ అను మాటకు అర్థము చెప్పు అధికారమును హ్యాచరీల లెక్కల పుస్తకములకే విడిచిపెట్టరాదు. మంత్రాలయము, కోసిగి, కౌతాళము ప్రాంతములలో నాలుగు పెట్టలను గంపక్రింద మూసి కాపాడుకొను పేద యిల్లాలి యవసరమే ఆ మాటకు కొలబద్ద కావలెను. ఆమె ముంగిట పుట్టిన పిల్ల ఆమెదిగానే యుండవలెను. ఈ రెండు నియమములకు లోబడిన విద్యయే మనకు ఉపకారము చేయును.

విషయమిట్టిది. జీవకణములలోని జన్యుపదార్థమును కోరినచోట కత్తిరించి సవరించుటకు వీలైన క్రిస్పర్ అను సాధనమును 2012లో శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిరి. అందులకు గాను ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అను నిరువురు విదుషీమణులకు 2020లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. కోడియొక్క జన్యుపటము అంతకు పూర్వమే, 2004లో ప్రకటితమై యుండెను. పక్షులలో మొట్టమొదటిది అదియే. అయినను ఆవు, గొఱ్ఱెల విషయమున వలె కోడియందీ పని తిన్నగా సాగదు. పెట్ట గ్రుడ్డు పెట్టునప్పటికే అందలి పిండము వేలకొలది కణములుగా విభక్తమై యుండును. కావున శాస్త్రజ్ఞులు మఱొక త్రోవ ద్రొక్కిరి. రెండు మూడు దినములు పొదిగిన గ్రుడ్డులోని పిండపు రక్తమునుండి ఆదిమ బీజకణములను, అనగా ముందుముందు వీర్యముగానో అండముగానో మాఱవలసిన కణములను, గ్రహింతురు. వానిని పాత్రలలో పెంచి, జన్యువును దిద్ది, వేఱొక పిండములోనికి ఎక్కింతురు. ఆ పిండము పెరిగి కోడియైన పిమ్మట దాని సంతానమున సవరణ గల పిల్లలు పుట్టును. ఇది యన్నివేళల పరజీవి జన్యువును దెచ్చి చేర్చుట కాదు. ఉన్న వ్రాతలోని యొకటి రెండక్షరములను దిద్దుట మాత్రమే కావచ్చును. ఈ భేదము చట్టము దృష్టిలో ముఖ్యమైనది. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

మన దేశము ఈ విద్యలో వెనుకబడి లేదు. 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణ గల రెండు వరివంగడములను ప్రకటించిరి. అందొకటి హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరినుండి తీసిన డి.ఆర్.ఆర్. ధాన్ 100, దీనికే కమల యని పేరు. రెండవది ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఎం.టి.యు. 1010 నుండి తీసిన పూసా డి.ఎస్.టి. రైస్ 1. సాంబ మసూరి బాపట్లలోను, 1010 మారుటేరులోను రూపొందినవే గదా! రెండింటికిని మూలము తెలుగునేల విత్తనమే. ఆ యేడే కాశ్మీరములోని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు, కండ పెరుగుదలను అదుపులో నుంచు మయోస్టాటిన్ జన్యువును సవరించిన గొఱ్ఱెపిల్లను లోకమునకు జూపిరి. ఇక కోడి విషయము. రాజేంద్రనగరులో 1988లో నెలకొన్న కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థలోని శాస్త్రజ్ఞులు అదే మయోస్టాటిన్‌ను, దానికి సంబంధించిన గ్రాహకములను కోడియందు అణచి, పెరుగుదలలో కలిగిన మార్పులను పరిశీలించి, 2019లో ఫలితములను ప్రచురించిరి. అది జన్యువు నోరు మూయుటయే గాని దాని వ్రాతను దిద్దుట కాదు. అయినను రెండు త్రోవలును చేరునది ఒక్క ద్వారమునకే. సవరించిన కోడి మన సంతలోనికి రాకముందే చర్చ జరుగుట ఉచితము. వచ్చిన తరువాత జరుగునది చర్చ కాదు, తగవు.

ఇందు కర్నూలు జిల్లా పశ్చిమభాగమును మేమేల ప్రత్యేకముగా బేర్కొనుచున్నాము? ఆంధ్రప్రదేశ్ గ్రుడ్ల యుత్పత్తిలో దేశమున ప్రథమస్థానము వహించినది. 2022-23వ సంవత్సరమున దేశమందలి గ్రుడ్లలో నూటికి 20 ఈ రాష్ట్రమువే. కాని యీ కీర్తిలో అధికభాగము గోదావరి, కృష్ణా ప్రాంతముల పెద్ద ఫారములది. ఎమ్మిగనూరు, ఆదోని, మంత్రాలయము ప్రాంతముల కథ వేఱు. తుంగభద్ర ప్రక్కనే పాఱుచున్నను, దిగువకాలువ కొంతనేలను తడుపుచున్నను, మిగిలిన పొలమెల్ల వానదేవుని దయపైననే యాధారపడి యున్నది. వానలు తప్పిన యేట కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు గ్రామములనుండి కుటుంబములకు కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరునకు, కూలికై బెంగుళూరునకు తరలిపోవుచున్నవి. మంత్రాలయమున శ్రీ రాఘవేంద్రస్వామివారి మఠపు వీధులలో కోడికి పనిలేదు. కాని యూరు దాటి పల్లెలలో నడచినచో గుడిసెల ముంగిట కోళ్ల గంపలు కనబడును. ఇట్టి యిండ్లకు కోడి యన్నది పెరటి బ్యాంకు. బిడ్డకు జ్వరము వచ్చిన పెట్ట నమ్ముదురు. జాతర వచ్చిన పుంజు నమ్ముదురు. చుట్టము వచ్చిన జొన్నరొట్టెకు ప్రక్కన పులుసు వండుదురు. 2019 పశుగణన ప్రకారము దేశమందలి 85 కోట్ల కోళ్లలో 31 కోట్లకు పైగా ఇట్టి పెరటికోళ్లే. వీనికి షెడ్డు లేదు, కొన్న మేత లేదు, బీమా లేదు. యజమానురాలు ఇల్లాలు, మూలధనము ఇంటి గింజలు, పెంటకుప్పలోని పురుగులు.

ఈ కోడికి శత్రువులెవరు? గ్రద్ద యొకటి, పిల్లి యొకటి, మే నెలలో 40 డిగ్రీలు దాటు ఎండ యొకటి. కాని అన్నింటికంటె క్రూరమైనది కొక్కెర తెగులు. లోకమున దీనిని న్యూకాసిల్ వ్యాధి యనియు, మన దేశమున రాణీఖేత్ వ్యాధి యనియు వ్యవహరింతురు. ఇది యూరిలో ప్రవేశించినచో మెడలు వంకరపోయి, రెక్కలు వ్రేలాడి, పల్లెలోని గంపలన్నియు రెండు వారములలో ఖాళీయగును. దీనికి టీకా లేదా? కలదు. ముక్తేశ్వరములోని పశువైద్య పరిశోధన సంస్థ దశాబ్దముల క్రిందటనే మన దేశపు టీకాను సిద్ధము చేసెను. వారము దినముల పిల్లకు కంటిలో నొక చుక్క, రెండు నెలలు నిండిన తరువాత నొక సూది, కోడి నిలుచును. కాని టీకా బుడ్డి నూఱు కోళ్లకో, అంతకెక్కువకో సరిపోవునట్లు వచ్చును. మూత తీసిన పిమ్మట గంటలలో వాడవలెను. అంతవఱకు చల్లగా నుంచవలెను. నాలుగు కోళ్లు గల యింటికి నూఱు మోతాదుల బుడ్డి యేమి యుపయోగము? ఊరంతయు నొక్కదినమున కోళ్లను దెచ్చిన గాని పని జరుగదు. అట్లు జరిపింపవలసిన సిబ్బంది పశువైద్యశాలలలో చాలినంత లేదు. జన్యు సవరణమును గూర్చి ఘనముగా మాటాడువారు మొదట జ్ఞాపకముంచుకొనవలసినది ఇదియే. ఉన్న యౌషధమును ఇంటి గడపకు జేర్చలేని ప్రభుత్వము రాబోవు విద్యను మాత్రము ఎట్లు చేర్చగలదు?

ఇప్పుడు ‘మెఱుగు’ అను మాటను పరీక్షింతము. ఇజ్రాయెల్ దేశమున వోల్కాని సంస్థవారు 2022 డిసెంబరులో నొక వింత పెట్టను ప్రకటించిరి. దాని గ్రుడ్లను పొదుగుటకు ముందు కొన్ని గంటలు నీలికాంతిలో నుంచినచో మగపిండములు పెరుగక నిలిచిపోవును. ఆడపిల్లలు మాత్రమే పుట్టును. ఏటేట లోకమున సుమారు 700 కోట్ల మగపిల్లలను పుట్టిన దినముననే చంపివేయుచున్న గ్రుడ్ల పరిశ్రమకు ఇది దయగల మార్గమే. అందులకు మేమును సంతోషింతుము. కాని కోసిగి పల్లెలో మగపిల్ల వ్యర్థము కాదు. సంక్రాంతికి, జాతరకు, పండుగకు మంచి ధర తెచ్చునది పుంజే. ఫారములో తీసివేయవలసిన గుణము పెరటిలో ప్రాణప్రదము కావచ్చును.

పొదుగుబుద్ధి విషయము ఇంకను స్పష్టము. సంవత్సరమునకు 300 గ్రుడ్లు పెట్టు ఫారము పెట్ట పొదుగదు. పొదుగుబుద్ధిని తరతరములుగా తొలగించియే యన్ని గ్రుడ్లు రాబట్టిరి. నాటుపెట్ట ఏడాదికి అరువదో డెబ్బదియో పెట్టును. కాని పది గ్రుడ్లపై కూర్చుండి, ఇరువదియొక్క దినములు తిండి నిద్రలు మాని పిల్లలను లేపును. గ్రద్ద నీడ పడినపుడు రెక్కల క్రింద దాచుకొనును. ఆ యిల్లాలికి విద్యుత్తు లేని హ్యాచరీ ఆ పెట్టయే. రాజేంద్రనగరము మనకిచ్చిన వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి మంచి కోళ్లే. రంగురంగుల ఈకలతో పెరటిలో ఇమిడి, నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టి అనేక కుటుంబములకు మేలు చేసినవి. కాని యవి సంకరజాతులు. వాని పిల్లలలో తల్లి గుణము పూర్తిగా నిలువదు. పెట్టలు సరిగా పొదుగవు. కావున మరల మరల పిల్లలకై ప్రభుత్వ కేంద్రముల తలుపు తట్టవలెను. గ్రుడ్ల సంఖ్య యొక్కటే మెఱుగని యెంచి, పొదుగుబుద్ధిని జన్యువుతోనే కత్తిరించి, దానిని పల్లెలలో పంచినచో, ఆ స్త్రీకి నూఱు గ్రుడ్లనిచ్చి ఆమె చేతిలోని స్వాతంత్ర్యమును గొనిపోయినట్లగును.

స్వాతంత్ర్యమన్న మాటను మేము ఊరక వాడలేదు. తెలుగుదేశపు అసీల్ జాతిని ఎఱుగనివారెవరు? నిటారైన మెడ, బలిసిన తొడ, వెనుకంజ వేయని పౌరుషము గల యీ జాతి కోళ్లు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునకు జేరెను. అచ్చట కార్న్‌వాల్ ప్రాంతమున వానిని ఇతర జాతులతో సంకరపఱచి పుట్టించిన కోడికి ‘ఇండియన్ గేమ్’ అని పేరిడిరి. అదియే తరువాత కార్నిష్ యైనది. నేడు ప్రపంచమంతట బ్రాయిలర్ కోళ్లకు తండ్రివైపు మూలము ఈ కార్నిష్ జాతియే. అనగా హైదరాబాదు హోటలులో పళ్లెమునకు వచ్చు బ్రాయిలర్ రొమ్ములో మన అసీల్ రక్తము గలదు. అట్లయ్యు నేడు లోకమందలి బ్రాయిలర్ మూలజాతులు ప్రధానముగా రెండు మూడు బహుళజాతి సంస్థల చేతులలో నున్నవి. పత్తిని ఓడకెక్కించి బట్టను వెలకు గొన్న కథ ఆదోనివారికి క్రొత్తది కాదు. ఈ ప్రాంతపు పత్తిని ఒకప్పుడు వ్యాపారులు ‘వెస్టరన్స్’ అని ప్రత్యేకముగా పేరుపెట్టి పిలిచి, సముద్రములు దాటించిరి. పత్తి విషయమున జరిగినది కోడి విషయమున మరల జరుగనేల?

పత్తి మనకు నేర్పిన పాఠము పాతకాలపుది మాత్రమే కాదు. 2002లో కేంద్ర ప్రభుత్వమువారు బీటీ పత్తికి అనుమతి నిచ్చిరి. కాయతొలుచు పురుగును ఎదిరించు పరజీవి జన్యువు అందు చేర్చబడినది. మొదట వచ్చిన మెక్ రకములు మూడింటికి 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగింపబడలేదు. పిదప వచ్చిన సంకరములు వేగముగా వ్యాపించి, పురుగుమందుల ఖర్చును కొంతకాలము తగ్గించినమాట నిజమే. దానిని మేము కాదనము. కాని ప్రతియేట విత్తనము కొనవలసి వచ్చెను. 450 గ్రాముల పొట్లము ధర 1,600 రూపాయలకు పైబడగా, 2006లో రాష్ట్ర ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక సంఘము నెదుట పోరాడి 750 రూపాయలకు దింపవలసి వచ్చెను. ఆ తరువాత గులాబిరంగు పురుగు ఆ జన్యువునకే అలవాటుపడి మరల కాయలను తొలుచసాగెను. ఇందు జన్యువుది దోషము కాదు. ఒక్క జన్యువునే నమ్మి, ఒక్క పైరునే పఱచి, విత్తనపు తాళపుచెవిని పరుల కొసగిన విధానముది దోషము. ఆదోని పత్తి విపణివీధిలో నడచిన ప్రతి రైతునకు నిది అనుభవపూర్వకముగా తెలియును. అదే పొరపాటును అతని యింటి ముంగిట, అతని యిల్లాలి గంపక్రింద మరల చేయరాదు.

అయిన నీ విద్యకొక గొప్ప గుణము గలదు. దానిని దాచుట న్యాయము కాదు. సంకరజాతి గుణము రెండవ తరమున చెదరిపోవును. కాని శుద్ధమైన జాతిలో తల్లిదండ్రు లిరువురియందును నెలకొల్పిన సవరణ చెదరదు. పుంజునుండి పిల్లకు, పిల్లనుండి దాని పిల్లకు సంక్రమించుచునే యుండును. మెడపై ఈకలు లేని కోళ్లను చూడుడు. ఆ గుణము ప్రకృతిసిద్ధముగా నొక్క జన్యుస్థానమున గలిగిన మార్పు. దానివలన ఒంటివేడి తగ్గి ఆ కోడి ఎండను బాగుగా తట్టుకొనును. తరతరములుగా అది పిల్లలకు వచ్చుచునే యున్నది. అట్టి మేలు గుణమునే మన అసీల్‌లోనో, అనంతపురము, చిత్తూరు ప్రాంతముల ఘాగస్ జాతిలోనో శాశ్వతముగా నెలకొల్పి, ఒక జత నొక యింటికిచ్చినచో, మరల ఏ సంస్థ తలుపునకును పోనక్కఱలేదు. వ్యాపారి దృష్టిలో ఇది నష్టము. ప్రజల దృష్టిలో ఇంతకంటె లాభము లేదు. కావుననే ఈ పని ప్రజాధనముతో, ప్రభుత్వ పరిశోధనశాలలలో జరుగవలెనని మేము నొక్కి చెప్పుచున్నాము. లాభమునకై పెట్టుబడి పెట్టువాడు ఒక్కసారి అమ్మిన పిమ్మట మరల అమ్మవలసిన పనిలేని సరకును ఏల తయారుచేయును?

రోగనిరోధమును గూర్చి మాత్రము తొందర పనికిరాదు. 2023 అక్టోబరులో స్కాట్లాండులోని రోజ్లిన్ సంస్థవారును, ఇంపీరియల్ కాలేజి, పిర్‌బ్రైట్ సంస్థల శాస్త్రజ్ఞులును కలిసి ఒక గొప్ప ప్రయోగమును ప్రకటించిరి. కోళ్ల ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తన సంతతిని పెంచుకొనుటకు కోడియందలి ఎ.ఎన్.పి. 32 ఎ అను ప్రోటీనును వాడుకొనును. దాని జన్యువును వారు దిద్దిరి. సామాన్య మోతాదులో హెచ్9ఎన్2 వైరస్ ఎక్కింపగా పది సవరణ కోళ్లలో తొమ్మిది రోగమునుండి తప్పించుకొనెను. మోతాదును వేయిరెట్లు పెంపగా పదింటిలో ఐదు లొంగిపోయెను. అంతేకాదు, అట్లు లొంగిన కోళ్లలో వైరస్ తానును మార్పుచెంది, ఆ కుటుంబములోని యితర ప్రోటీనులను వాడుకొన నేర్చెను. మూడు జన్యువులను సవరించిన కణములలో మాత్రము వైరస్ పెరుగలేదు; కాని అన్ని సవరణలను భరించి కోడి యారోగ్యముగా బ్రతుకునా యన్న ప్రశ్న వేఱు. శాస్త్రజ్ఞులు ఈ ఫలితమును దాచక ప్రకటించుట వారికి భూషణము. మనకు అందలి బోధ స్పష్టము: సగము రక్షణ శత్రువునకు శిక్షణ.

ఇది పరదేశపు ముచ్చట కాదు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోను, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోను కోళ్ల ఇన్‌ఫ్లుయెంజా చెలరేగెను. నమూనాలు భోపాలులోని పరిశోధనశాలకు పోయి, అచ్చట నిర్ధారణయై వచ్చులోపల అనేకములైన కోళ్లు చచ్చెను. రాష్ట్రమంతట కోడిమాంసపు ధర పడిపోయెను. తెగులు సోకని యూళ్లలో సైతము చిన్న వ్యాపారులు నష్టపోయిరి. ఆ మార్చి నెలలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేండ్ల పసిబిడ్డ హెచ్5ఎన్1 సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసెను. ఇట్టి వైరస్‌తో ఆటలాడరాదు. ఫారములోనైనచో తలుపు మూసి, కంచె వేసి, సవరణ కోడిని కావలి కాయవచ్చును. పల్లెలోనో, కోడి ఒక యింట మేసి, వేఱొక యింట నిద్రించి, చెఱువుగట్టున వలసపక్షులతో నీరు త్రాగును. పెరటిలో విడిచినదానిని వెనుకకు పిలువలేము. కావున అసంపూర్ణమైన రక్షణ గల కోడిని పల్లెలలో విడుచుటకు మేము సమ్మతింపజాలము. రెండు మూడు సవరణలు కలిసి పూర్తిరక్షణ నిచ్చునని, కోడి యారోగ్యమునకు హాని లేదని, తరములు గడచినను గుణము నిలుచునని బహిరంగముగా రుజువైన పిమ్మటనే ఆ ద్వారము తెఱవవలెను.

ఇక చట్టము. 1986నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1989లో చేసిన నియమములు జన్యుమార్పిడి జీవుల నన్నింటిని అదుపు చేయుచున్నవి. 2022 మార్చి 30వ తేదీ యుత్తరువుచే కేంద్ర ప్రభుత్వము, పరజీవి జన్యువు మిగులని సవరణ గల మొక్కలను వానిలో ముఖ్యమైన నిబంధనలనుండి మినహాయించెను. ఆ మినహాయింపు మొక్కలకే గాని జంతువులకు కాదు. అదే మినహాయింపును జంతువులకును విస్తరింపుడని యడుగుట తేలిక. కాని వరిమొక్క నాటినచోటనే యుండును. కోడి నడచును, ఎగురును, రోగమును మోసికొనిపోవును. రెంటికి నొకే కొలత చెల్లదు. మఱొక లోపము గలదు. 2001లో చేసిన చట్టము రైతునకు విత్తనమును దాచుకొను హక్కును, ఇచ్చిపుచ్చుకొను హక్కును ప్రసాదించినది. పశుపక్ష్యాదులను పెంచువారికి అట్టి చట్టము లేదు. మన పేటెంటు చట్టము జంతువులకు పేటెంటు నీయరాదని నిషేధించినమాట నిజము. అది మన శాసనకర్తల దూరదృష్టికి నిదర్శనము. కాని సవరించు సాధనముపై ప్రధాన పేటెంటులు విదేశములవారి చేతులలో నున్నవి; మూలజాతిని తమయొద్ద నుంచుకొని సంకరపు పిల్లలను మాత్రమే అమ్మువారికి పేటెంటుతో పనియే లేదు. కాగితపు తాళముకంటె రక్తపు తాళము గట్టిది.

ఈ విషయమున రెండు తీవ్రవాదములు మాకు వినబడుచున్నవి. ప్రకృతిని ముట్టరాదని కొందఱందురు. వారికి మా మనవి యిది: అడవికోడినుండి అసీల్‌ను తీసినది మన పూర్వులే, ఏ పుంజు ఏ పెట్టతో చేరవలెనో నిర్ణయించుటయు ప్రకృతిలో చేయిపెట్టుటయే, కొక్కెరతో గంపలు గంపలుగా చచ్చు కోళ్లను చూచుచు ఊరకుండుట ధర్మము కాదు. జాప్యము పనికిరాదు, ఇతర దేశములు దాటిపోవుచున్నవని మఱికొందఱందురు. వారికి మా మనవి: వేగముగా పోవు బండిలో ఎవరు కూర్చున్నారో, ఎవరు క్రింద పడుచున్నారో చూచుట అవరోధము కాదు, వివేకము. శాస్త్రమునకు శత్రువు ప్రశ్న కాదు; ప్రశ్నలకు ప్రత్యుత్తర మీయని గర్వమే శాస్త్రమునకు శత్రువు.

కావున మేము కోరునది యిది. రాజేంద్రనగరము సంస్థయు, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును కలిసి, మన జాతులపైననే, ప్రజాధనముతోనే ఈ పరిశోధనను సాగింపవలెను. ఎండను తట్టుకొనుట, కొక్కెరను తట్టుకొనుట ప్రథమ లక్ష్యములు కావలెను, పొదుగుబుద్ధిని తాకరాదు. కొక్కెరను పూర్తిగా నిరోధించు సవరణ యేదియు నింకను చేతికి రాలేదు. కనుక ఆ వెదకులాటకు ఓపికయు ధనమును కావలెను. సవరించిన గుణము పెరటిలో తరతరములు నిలుచునట్టి శుద్ధజాతిలోనే పంచవలెను. అసీల్, ఘాగస్, కాళహస్తి, డంకి జాతులను సవరణ సోకకుండ వేఱుగా కాపాడవలెను. మూలప్రతిని తగులబెట్టి దిద్దుబాటు ప్రతిని మాత్రమే దాచుకొనువాడు పండితుడు కాడు. జంతువుల జన్యు సవరణకు ప్రత్యేక నియమములను బహిరంగముగా చర్చించి చేయవలెను; ఆ చర్చ ఢిల్లీలోనే కాక ఆదోనిలోను, ఎమ్మిగనూరులోను, తెలుగులో జరుగవలెను. కోళ్లను పెంచు స్త్రీలకు అందు నోరుండవలెను. తరతరములుగా మన జాతులను నిలిపినవారు వారే గదా!

ఇవన్నియు ఫలించుటకు ఏండ్లు పట్టును. అంతవఱకు గంపక్రింది కోడి యాగదు. నేడు చేయదగిన పని యొకటి గలదు. దానికి నోబెల్ బహుమానము అక్కఱలేదు. మంత్రాలయము, కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు మండలములలో ఎండలు ముదురకముందే, వలసలు పోవువారు ఇండ్లకు తిరిగివచ్చిన తరుణము చూచి, ఊరికొక దినము నిర్ణయించి, చాటింపు వేయించి, చల్లని పెట్టెలో టీకాను దెచ్చి, ప్రతి కోడికి కొక్కెర టీకా వేయింపవలెను. ఇందులకు కావలసినది కొద్దిపాటి ధనము, కొందఱు పశువైద్య సహాయకులు, గ్రామ స్త్రీ సంఘముల సహకారము. ప్రభుత్వమువారు ఈ చిన్న పనిని శ్రద్ధతో నెరవేర్చి చూపుదురు గాక. అప్పుడు జన్యువును దిద్దు పెద్ద పనిని వారి చేతికి అప్పగించుటకు ప్రజలకు ధైర్యము కలుగును.